గడప దాటిన కుంపటి

శవం ఎదురుగా కుక్క కూర్చుంది.

పసుపు రంగు కుక్క. కళ్ళ పైన రెండు నల్లమచ్చలు. రేవ్‌కత్ ఊళ్ళో దాన్ని నాలుగు కళ్ళ కుక్క అంటారు. మనిషి ఉన్నాడో పోయాడో తేల్చవలసింది అదే. వైద్యుడు చెప్పినా చెల్లదు. పెళ్ళాం ఏడ్చినా చెల్లదు. కుక్క చూసి తల తిప్పుకుంటే మనిషి ఉన్నట్టు. రెప్ప వెయ్యకుండా చూస్తే లేనట్టు. ఊరు మొత్తం మీద ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోకుండా తీర్పు చెప్పే అధికారి అదొక్కటే.

కుక్క రెప్ప వెయ్యలేదు.

"అయిపోయింది," అన్నాడు పేసక్. నోటికి కట్టుకున్న తెల్లగుడ్డ వెనకనుంచి ఆ మాట నలిగి బయటికొచ్చింది.

మంచం మీద ఉన్నది పేసక్ తమ్ముడు, నానైదాత్. రేవ్‌కత్ బిడారు నాయకుడు. చైనా పట్టు, టిబెట్టు కస్తూరి, దక్షిణ సముద్రాల మిరియాలు అన్నీ ఆయన తల ఊపితే కదిలేవి, తల అడ్డంగా ఊపితే ఆగేవి. ఇప్పుడా తల ఎటూ ఊగడం లేదు.

గుమ్మంలో నిలబడ్డాడు వర్జక్. సంత అధికారి. బేరాల్లో నేరాలు పట్టడం ఆయన ఉద్యోగం. నేరాల్లో బేరాలు కుదుర్చుకోవడం ఆయన పైవాళ్ళ ఉద్యోగం. మాటలతో ఆడుకోవడం ఆయన జబ్బు. భయం వేసినకొద్దీ ముదిరే జబ్బు.

ఈ కేసు మొదలవకముందే ముదిరింది. పోయినవాడు చుట్టం. పేసక్ పిల్లనిచ్చిన మామ. అంటే చచ్చింది చిన్నమామ.

"పట్టు అమ్ముకుని బతికిన మనిషి. ప్రాణం మీద మాత్రం పట్టు లేకపోయింది," అని గొణిగాడు.

ఎవరూ నవ్వలేదు.

"అల్లుడూ, నోరు అదుపులో పెట్టుకో," అన్నాడు పేసక్. "వంటవాళ్ళు వింటారు."

వర్జక్ లోపలికి అడుగు పెట్టాడు. చలికి పళ్ళు టకటకమన్నాయి. చిన్న గది. కిటికీ మూసి ఉంది. మంచం పక్కన ముక్కాలిపీట. పీట మీద మందు గిన్నె, నీళ్ళ కూజా. మందు గిన్నె ఎత్తి వాసన చూశాడు. గసగసాల పాల కమురు. కూజా ఎత్తాడు. బరువుగా ఉంది. వంచితే చుక్క రాలలేదు. నీళ్ళు గడ్డకట్టి రాయైపోయాయి. నడి చలికాలంలో నీళ్ళు గడ్డకడితే వింతేముంది? దించేశాడు.

మంచం కాళ్ళ వైపు కింద ఒక ఎర్ర పట్టు దిండు పడి ఉంది. ముత్యాల వలయాల మధ్య అడవిపందుల బొమ్మలు నేసిన దిండు.

వర్జక్ దాన్ని చూశాడు. తర్వాత శవం పెదవి వేలితో పైకి లేపాడు. పేసక్ మొహం తిప్పుకున్నాడు. శవాన్ని ముట్టుకున్నవాడు తర్వాత తొమ్మిది రాత్రులు వేరుగా పడుకోవాలి. ఉద్యోగం అలాంటిది.

పెదవి లోపల పంటిగాటు. పంటి సందులో ఎర్రటి పట్టుపోగు.

"విషం కాదు మామా. దిండు."

"మందు పెట్టి నిద్రపుచ్చాడు. తర్వాత దిండు పెట్టి నొక్కాడు," అన్నాడు పేసక్. "రెండూ వాడే. ఆ శిలువ వైద్యుడు."

బయట వీధిలో అరుపులు మొదలయ్యాయి.

వర్జక్ వసారాలోకి వచ్చాడు. వసారా చివర, గదికి బాగా దూరంగా, కంచు కుంపటి ఉంది. చావు జరిగిన చోట నిప్పు ఉండకూడదు. శవం మైల నిప్పుకి సోకకూడదు. అందుకే కుంపటి ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది. మీద బూడిద దుప్పటిలా కప్పి ఉంది. కింద నిప్పు ఇంకా బతికే ఉంది. వర్జక్ వంగి చేతులు కాచుకున్నాడు. సన్నగా ఏదో కమ్మని వాసన తగిలింది. పేసక్ వెనకే వచ్చి నిలబడ్డాడు కనక అది మామ వాసనే అనుకున్నాడు. ఇరవయ్యేళ్ళుగా అగ్నిగృహంలో నిప్పుకి మేత వేస్తున్న మనిషి. ఆయన దగ్గర ఎప్పుడూ చందనం వాసనే. చందనం పెట్టె తాళంచెవి ఆయన మొలకి ఎప్పుడూ వేలాడుతూ ఉంటుంది. ఊళ్ళో అందరూ ఆయన్ని నిప్పులాంటి మనిషి అంటారు. ఆయన విషయంలో అది ఉత్తపొగడ్త కాదు, ఉద్యోగం కూడా.

చేతులు వెచ్చబడ్డాయి. బుర్ర మాత్రం గడ్డకట్టుకునే ఉంది.

*

వాకిట్లో ఒంటెల్ని కట్టే రాటకి వైద్యుణ్ణి కట్టేశారు.

అతని పేరు సర్గిస్. మెర్వ్ నుంచి వచ్చిన క్రైస్తవుడు. మెడలో చిన్న ఇత్తడి శిలువ. పొట్ట పెద్దది. ఆ పొట్ట చుట్టూ ఒంటె తాడు రెండు వరసలు తిరిగింది. గోడ అవతల జనం. వాళ్ళలో సగం మంది పోయిన నెలలో అతని దగ్గర దగ్గు మందు తాగినవాళ్ళే.

వాళ్ళని తోసుకుంటూ ఒక గుర్రం వాకిట్లోకి వచ్చింది. దాని మీద నుమైర్. సమర్కంద్‌లో కూర్చున్న అమీరు సేనాపతి. ఊరి గోడ బయట మూడు వందల గుర్రాలతో గుడారాలు వేసుకుని ఉన్నాడు. దండు దిగాక ఊళ్ళోవాళ్ళకి మిగిలేవి రెండే, దండం పెట్టడం, దండన పడడం.

"మీ నాయకుడు ఇవాళ మా గుడారానికి భోజనానికి రావలసిన మనిషి," అన్నాడు నుమైర్. గొంతు నెమ్మదిగా ఉంది. "గొర్రెని కూడా కోయించాను. మధ్యాహ్నం నమాజుకి ముందు చంపినవాణ్ణి నాకు అప్పజెప్పండి. ఒక్కణ్ణి. మీరు చెయ్యలేకపోతే నేనే లోపలికి వచ్చి వెతుక్కుంటాను. నా వాళ్ళు వెతికితే గోడలు కూడా విప్పి చూస్తారు."

"అవసరం లేదు దొరా," అన్నాడు పేసక్, వైద్యుడి వైపు చెయ్యి చూపిస్తూ. "కట్టేసి ఉంచాం."

నుమైర్ వర్జక్‌ని చూశాడు. "అధికారి మీరేనా? మీరూ అదే అంటారా?"

వర్జక్ వైద్యుడి వైపు చూశాడు. ఊ అంటే సర్గిస్ తల పోతుంది. ఊహూ అంటే ఊరు పోతుంది.

"మధ్యాహ్నం చెప్తాను," అన్నాడు.

నుమైర్ తల పంకించి గుర్రం తిప్పాడు.

"ఏమయ్యా సర్గిస్," అన్నాడు వర్జక్, దగ్గరికి వెళ్ళి.

"ఏమయ్యా అంటావేంటయ్యా! నీ కూతురికి జ్వరమొస్తే రాత్రంతా కూర్చున్న మనిషిని. కనీసం ఈ తాడన్నా వదులు చేయించు. తిన్నది పైకొస్తోంది."

"మందు ఎప్పుడిచ్చావు?"

"దీపాలు పెట్టే వేళ. గసగసాల రసం. చిన్న పిల్లలకి వేసేంత."

"ఎవరున్నారు?"

"మీ మామ. పేసక్‌గారు. నేను చెప్పిందంతా నిలబడి విన్నారు."

"ఏం చెప్పావు?"

"జలుబు రొమ్ములోకి దిగింది, గది వెచ్చగా ఉంచండి, కుంపటి ఆరనివ్వకండి అని. ఇంకేం చెప్తాను? బైబిలు చదవమని చెప్పానా?"

"తెల్లారి నువ్వే చూశావు శవాన్ని."

"అదే నా ఖర్మ. జ్వరం చూద్దామని వెళ్ళా. గదిలో అడుగు పెట్టగానే నా ఊపిరి నాకే పొగలా కనపడింది. అంత చలి. చెయ్యి పట్టుకుని చూస్తే రాయి. అరిచా. ముందు పేసక్‌గారు వచ్చారు. ఆ తర్వాత అందరూ. ఆ తర్వాత ఈ తాడు."

"నీకు ఆయన మీద పగ ఏమన్నా..."

"పగా? నాకా?" సర్గిస్ తాళ్ళ మధ్యనుంచే నవ్వబోయాడు, ఆగిపోయాడు. "ఆయన పోతే నా గతేమిటి చెప్పు? ఈ ఊళ్ళో మా పదిమందికి ఆదివారం దీపం పెట్టుకోవడానికి కొట్టు వెనక గది ఇచ్చింది ఆయనే. 'సరుకుతో పాటు దేవుళ్ళు కూడా వస్తారు సర్గిస్, సుంకం ఏ ఒక్కరికీ వెయ్యను' అనేవాడు."

సర్గిస్ గోడ అవతలి జనాన్ని చూశాడు.

"వర్జక్, వీళ్ళు నన్ను చంపేస్తారు కదా?"

మాటకి మాట తగిలించడం వర్జక్‌కి క్షణం పని. ఈసారి మాత్రం తాడు కాస్త వదులు చేసి కదిలాడు.

*

ఆర్తివాన్ ఒంటెల పాకలో దొరికాడు. బిడారులో నానైదాత్ తర్వాతివాడు. తల నున్నగా గొరిగించుకున్నాడు. తూర్పు దారిలో బౌద్ధ మఠాల్లో బస చేసీ చేసీ, వాళ్ళ సూప్‌తో పాటు సూత్రాలూ పట్టుబడ్డాయి.

"మొన్న సంతలో చిన్నమామా నువ్వూ గొంతులు చించుకున్నారట," అన్నాడు వర్జక్.

"చించుకున్నాం. నేను తూర్పు దారి అన్నాను. ఆయన పడమటి దారి అన్నాడు. అది దారి గొడవ పెద్దా, దాడి గొడవ కాదు."

"రాత్రెక్కడున్నావు?"

ఆర్తివాన్ పక్కకి జరిగాడు. వెనక గడ్డి మీద తడితడిగా ఒక ఒంటెపిల్ల. పక్కన అలిసిపోయిన తల్లి.

"దీన్ని లాగుతూ ఉన్నా. పాకలో ఆరుగురం. పొద్దున అరుపులు వినపడేదాకా భుజం దాకా చెయ్యి లోపలే ఉంది. కావాలంటే దాన్నే అడుగు."

మనిషి సాక్ష్యమైతే మాట మారుస్తాడు. ఒంటెపిల్ల పుట్టాక వెనక్కి వెళ్ళదు. వర్జక్ ఇతన్ని వదిలేశాడు.

"ఇవాళ నుమైర్ గుడారంలో భోజనం దేనికి?"

ఆర్తివాన్ చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "నీకు తెలీదా? ఆయన అమీరు మతం పుచ్చుకుంటున్నాడు. ఇవాళే. పడమటి దారి మొత్తానికి ఆయన్ని నాయకుణ్ణి చేస్తామన్నారు. వేరే మతంవాళ్ళు కట్టే తల పన్ను ఉండదు, సరుకు ఆపరు, బందిపోట్ల భయం లేదు."

"బదులుగా?"

"దండుకి చలికాలం విడిది. ఊళ్ళో వంద గుర్రాలు పట్టే కప్పు ఉన్న కట్టడం ఏదుంది చెప్పు?"

ఒక్కటే ఉంది. అగ్నిగృహం.

"నిప్పుని ఏం చేస్తానన్నాడు?"

"అది మాత్రం చెప్పలేదు. గుర్రాలూ నిప్పూ ఒక కప్పు కింద ఉండవు కదా."

"ఇది ఎవరెవరికి తెలుసు?"

"నాకు. ఇంట్లో వాళ్ళకి నిన్న భోజనాల దగ్గర చెప్పాడట." ఆర్తివాన్ ఒంటెపిల్ల మీద గోనె కప్పాడు. "పెద్దా, ఒక మాట. చంపింది వైద్యుడే అని ఒప్పుకుంటే ఊరికి సుఖం. వాడు ఎటూ పరాయివాడు."

"నువ్వు అనుకుంటున్నావా వాడే అని?"

"నేను సుఖం గురించి చెప్పాను. నిజం గురించి కాదు."

*

పెరట్లో విడిగా కట్టిన గది ముందు దుప్పటి తెర వేలాడుతోంది. లోపల నానైదాత్ భార్య మివ్నాయ్. ఆమె బయట చేరింది. బయట ఉన్న రోజుల్లో ఆడది నిప్పు చూడకూడదు, శవాన్నీ చూడకూడదు. మొగుడు పది గజాల దూరంలో పోయి ఉన్నా తెర దాటి రాలేదు.

"చిన్నత్తా, నేను వర్జక్‌ని."

"రా నాయనా." ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. "దగ్గరికి రాకు. అక్కడే నిలబడు."

"రాత్రి ఏమన్నా విన్నావా?"

"దగ్గు విన్నాను. తర్వాత దగ్గు ఆగింది. మందు పనిచేసిందని సంబరపడ్డాను, వెర్రిదాన్ని." తెర వెనక ముక్కు చీదిన చప్పుడు. "ఆయనకి చలంటే భయం నాయనా. చైనాకి వెళ్ళే మంచు కనమల్లో రెండు కాలివేళ్ళు పోగొట్టుకున్నాడు. నేను దగ్గర లేనని, ఇక్కడినుంచే కేకేసి అడిగాను, 'బావగారూ, ఆయన కుంపటి మండుతోందా' అని."

"పేసక్ మామని అడిగావా?"

"ఆయనే కదా దాటుతూ కనపడింది. 'నేను చూసుకుంటున్నా, నువ్వు పడుకో' అన్నాడు. ఎంత ఓపికో ఆయనకి. భోజనాల దగ్గర అన్నదమ్ములిద్దరూ అంత మాటా మాటా అనుకున్నారా, అయినా రాత్రి తమ్ముడి కుంపటి తనే చూసుకున్నాడు."

వర్జక్ అక్కడే నిలబడిపోయాడు.

కుంపటి.

పొద్దున చేతులు కాచుకున్నాడు దాని దగ్గర. అందరూ దాని పక్కనుంచే నడిచారు. ఎవరూ చూడలేదు. ఎందుకు చూస్తారు? ఉండవలసిన చోటే ఉంది కదా.

"ఏంటి నాయనా, మాట్లాడవు?"

"ఏం లేదు చిన్నత్తా. చలి."

ఇంట్లోకి గబగబా నడిచాడు. పీట మీది కూజా తీసి గోడకేసి కొట్టాడు. మట్టి పెంకులు రాలాయి. కూజా ఆకారంలో మంచుముద్ద నేల మీద దొర్లింది. దాన్ని బాకుతో పొడిచాడు. పైన మంచు, లోపల మంచు, నడిమధ్య మంచు. ఎక్కడా నీటి తడి లేదు.

వసారా చివరికి వెళ్ళాడు. మోకాళ్ళ మీద కూర్చున్నాడు. నోటికి గుడ్డ కట్టుకున్నాడు, ఊపిరి నిప్పుకి తగలకుండా. ఇనప పుల్లతో బూడిద మెల్లగా పక్కకి జరిపాడు. కింద ఎర్రటి నిప్పులు. వాటి మధ్య సగం కాలిన చిన్న చెక్కముక్క.

కమ్మని వాసన.

అది మామ వాసన కాదు. మామ వేసిన వాసన.

దక్షిణ సముద్రం దాటి, ఎన్నో చేతులు మారి, ఎన్నో భాషల్లో బేరమాడించుకుని రేవ్‌కత్ చేరే చందనం. ఊళ్ళో దాని పెట్టె ఒకటే. తాళంచెవి ఒకటే.

వర్జక్ చాలాసేపు లేవలేదు. లేస్తే ఏం చెయ్యాలో తెలుసు కనక.

*

ఎండ గోడ మీదికి ఎక్కుతోంది. నమాజుకి ఎంతో వేళ లేదు.

వర్జక్ అందర్నీ వసారాలోకి పిలిచాడు. సర్గిస్‌ని తాడుతోనే నడిపించుకొచ్చారు. ఆర్తివాన్ చేతులు కడుక్కుని వచ్చాడు. మివ్నాయ్ పెరటి గుమ్మం అవతల, కుంపటి కంటపడకుండా, దుప్పటి కప్పుకుని నిలబడింది. పేసక్ గోడకి ఆనుకుని ఉన్నాడు. నోటి గుడ్డ అలాగే ఉంది. గుడ్డ పైన కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఒకే ఒక్క ప్రశ్న," అన్నాడు వర్జక్. "ఈ కుంపటి ఇక్కడికి ఎవరు తెచ్చారు?"

వర్జక్ ఒక్కొక్కర్నీ చూశాడు.

"ఆర్తివాన్?"

"నేను వచ్చేసరికి ఇక్కడే ఉంది."

"సర్గిస్?"

"నేను ముట్టుకోలేదు. తెల్లారి గదిలో చూసిన గుర్తు కూడా లేదు."

"వంటవాళ్ళని అడిగాను. వాళ్ళూ కాదన్నారు. మామా?"

"ఎవరో తెచ్చి ఉంటారు," అన్నాడు పేసక్. "చావింట్లో నిప్పు బయటికి తేవడం ఎవరైనా చేస్తారు. అదేమన్నా తప్పా?"

"తప్పు కాదు. మనిషి పోయాక తెస్తే." వర్జక్ మంచుముద్దని కాలితో ముందుకి తోశాడు. "ఇది మంచం పక్కన కూజాలో నీళ్ళు. నిలువునా గడ్డకట్టింది. తెల్లారి శవాన్ని చూశాక కుంపటి తెచ్చి ఉంటే, నేను వచ్చేసరికి పైన చిన్న పొర కూడా కట్టేది కాదు. రాత్రి చాలా ముందే గదిలో నిప్పు లేదు. చలికి వేళ్ళు పోగొట్టుకున్న మనిషి గదిలో, వైద్యుడు కుంపటి ఆరనివ్వొద్దన్నాక కూడా, ఎవరో నిప్పుని బయటికి తెచ్చారు. ఎందుకు?"

సర్గిస్ నోరు తెరిచాడు.

"నువ్వయితే తెచ్చేవాడివి కాదు సర్గిస్. నీకు నిప్పంటే వంటకి పనికొచ్చే వస్తువు. చంపేవాడివే అయితే చంపి పోయేవాడివి. కుంపటి గదిలోనే ఉండేది. ఆర్తివాన్ అయినా అంతే, గుండు కొట్టించుకున్నాక నిప్పు మడి వదిలేశాడు. చిన్నత్త ఈ రోజుల్లో నిప్పు వైపు చూడదు. ఇంక మిగిలింది ఒక్కరే. ఈ గదిలో కాసేపట్లో శవం ఉంటుందని తెలిసినవాడు. ఆ శవం నీడ నిప్పు మీద పడకూడదని గుండె కొట్టుకున్నవాడు. ముందు నిప్పుని భద్రంగా దూరం పెట్టి, దాన్ని కదిలించినందుకు చందనం ముక్క వేసి, బూడిద కప్పి నిద్రపుచ్చి, అప్పుడు లోపలికి వెళ్ళాడు."

సగం కాలిన చెక్క అరచేతిలో పెట్టి చూపించాడు.

"ఎప్పుడూ నిప్పే నా సాక్షి అంటావు కదా మామా. సాక్షి నిజమే చెప్పింది."

పేసక్ నెమ్మదిగా నోటి గుడ్డ విప్పాడు. మడత పెట్టాడు. రెండోసారి కూడా మడత పెట్టాడు.

"చేతులు వణికాయి," అన్నాడు. "దిండు పట్టుకున్నప్పుడు కాదు. కుంపటి ఎత్తినప్పుడు. ఒక్క రవ్వ నేల మీద పడుతుందేమోనని."

మివ్నాయ్ గుమ్మం పట్టుకుంది.

"వాడికి నడక నేర్పింది నేను. మొదటి బిడారుకి పంపేటప్పుడు మొల్లో రొట్టె కట్టింది నేను. మన తాతలు ఎన్ని దారులు తొక్కినా వెనక్కి వచ్చి ఆ నిప్పు ముందే కూర్చున్నారు. నిన్న అంటాడూ, 'అన్నా, నిప్పు ఎక్కడైనా అంటించుకోవచ్చు. దారి పోతే మళ్ళీ రాదు' అని. నవ్వుతూ అన్నాడు. వాడికి నిప్పు కూడా సరుకే. ఇది దించి అది ఎక్కించడం."

"మామా..."

"ఆగు. సేనాపతి ఇంకా రాలేదు." పేసక్ గొంతు కిందికి దిగింది. "వాడు అడిగింది ఒక్క మనిషిని. వైద్యుడు పరాయివాడు. వాణ్ణి ఇచ్చేస్తే సేనాపతి దండుతో వెనక్కి పోతాడు. నిప్పు మిగుల్తుంది. నన్ను రేపు నువ్వే చంపు, కాదనను. నా తమ్ముణ్ణి నేను ఊరికే చంపినట్టు చెయ్యకు అల్లుడూ."

ఆర్తివాన్ నేల చూపులు చూశాడు. కాదనలేదు.

"నేను వింటూనే ఉన్నానండీ," అన్నాడు సర్గిస్. గొంతు పీలగా ఉంది. "నా తల బేరం కనీసం నా వెనకాల ఆడండి, మర్యాదగా ఉంటుంది."

బయట గుర్రపు డెక్కల చప్పుడు వినిపించింది.

వర్జక్‌కి పెళ్ళాం జిమత్ గుర్తొచ్చింది. పేసక్ ఒక్కగానొక్క కూతురు. పొద్దున బయల్దేరుతుంటే, "నాన్నకి చలి పడదు, ఈ శాలువా ఇవ్వు" అని మడిచి ఇచ్చింది. అది ఇంకా చంకలోనే ఉంది.

"ఆ తాడు విప్పండి," అంది మివ్నాయ్ గుమ్మం అవతలినుంచి. "నా మొగుడి ఇంట్లో ఇంకో చావు వద్దు."

వర్జక్ బాకు తీసి తాడు కోశాడు. సర్గిస్ కూలబడి రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

నుమైర్ వసారా మెట్ల దగ్గర దిగాడు. "వేళైంది."

వర్జక్ మామ మొహం చూడలేదు. చూస్తే నోరు పెగిలేది కాదు.

"చంపింది ఇతను," అన్నాడు. "పేసక్. నా పెళ్ళాం తండ్రి. పోయినాయన అన్న."

నుమైర్ పేసక్‌నీ, తాడు తెగిన సర్గిస్‌నీ మార్చి మార్చి చూశాడు. తర్వాత, "మీరు వైద్యుణ్ణే ఇస్తారనుకున్నాను," అన్నాడు. "ఇచ్చి ఉంటే వెళ్ళిపోయేవాణ్ణి. నిజంగానే."

"తెలుసు."

"ఇప్పుడు వెళ్ళలేను. అమీరు స్నేహితుణ్ణి అగ్నిగృహం పెద్దే చంపాడు. ఆ కట్టడం ఇక ఎవర్నీ అడిగి తీసుకోనక్కర్లేదు."

పేసక్ కళ్ళు మూసుకున్నాడు.

"నాకు మీ నిప్పు మీద కోపం లేదు పెద్దాయనా," అన్నాడు నుమైర్. "నా గుర్రాలకి కప్పు కావాలి. అంతే."

ఇద్దరు సైనికులు పేసక్‌ని చెరో రెక్కా పట్టుకున్నారు. గుమ్మం దగ్గర ఆయన ఆగాడు. మొలనుంచి తాళంచెవి తీసి వర్జక్ వైపు చాచాడు.

"గుర్రాలు వచ్చేలోపల పోయి ఒక్క ముక్క వెయ్యి."

వర్జక్ చెయ్యి సగం దాకా చాచి వెనక్కి తీసుకున్నాడు. శవాన్ని ముట్టుకున్న చెయ్యి. ఇంటి కుంపటి దగ్గరికే పోకూడనిది, ఇక అగ్నిగృహానికి ఎలా పోతుంది.

తాళంచెవి కింద పడింది. ఎవరూ తియ్యలేదు. శాలువా మాత్రం సైనికుడి చేతికిచ్చి, "చలి పడదు ఆయనకి," అన్నాడు వర్జక్.

*

ఇంటికి నడుస్తుంటే అగ్నిగృహం ముందు గుర్రాలు బారులు తీరి ఉన్నాయి. చిమ్నీలోంచి పొగ రావడం లేదు. కబురు తనకంటే ముందు నడిచినట్టుంది. సంతలో బేరాలు ఆగిపోయాయి. తనని చూసి జనం పక్కకి తప్పుకున్నారు. సర్గిస్ ఒక్కడే వెనకాల కొంతదూరం వచ్చి, ఏదో అనబోయి, అనలేక, చేత్తో గాలిలో శిలువ గుర్తు వేసి వెళ్ళిపోయాడు.

జిమత్‌తో ఏం చెప్పాలి? దారంతా మాటలు పేర్చుకున్నాడు. మీ నాన్నని నేను అప్పజెప్పలేదు, మీ నాన్న నిప్పే అప్పజెప్పింది. ఛీ. ఒక ప్రాణం కాపాడాను. ఛీ. ప్రతి మాటా మరో మాటకి తగిలి చిల్లిగవ్వలా మోగుతోంది.

సందు మలుపు తిరిగాడు.

ఇంటి తలుపు మూసి ఉంది. లోపల ఏడుపు లేదు, మాట లేదు.

గడప బయట, గోడకి బాగా దూరంగా, వాళ్ళ కుంపటి ఉంది. మీద బూడిద జాగ్రత్తగా కప్పి ఉంది.

నాలుగు కళ్ళ కుక్క అవసరం లేకుండానే, ఇంట్లో ఒక మనిషి పోయాడని జిమత్ తేల్చేసింది. తండ్రో, మొగుడో. అడగడానికి వర్జక్ తలుపు మీద చెయ్యి వేశాడు. తట్టలేదు.